జిరహ్ కింద రూయి



మన ఖాందాన్లలో పెద్దవాళ్ళని కాస్త కదిపితే చాలు, ఒక తల్వార్ కథ బయటికొస్తుంది. "మా దాదా వాళ్ళ దాదా నిజాం ఫౌజులో సిపాహీ" అని ఒకరంటారు. "మా నానా వైపు వాళ్ళు గోల్కొండ కోటలో కాపలా కాసినవాళ్ళు" అని ఇంకొకరు. నిజమో కాదో అల్లాకే తెలుసు గానీ, ప్రతి ఇంటి తారీఖ్‌లోనూ ఒక తల్వార్ వేలాడుతూ ఉంటుంది. ఆ సిపాహీ ఒంటికి దూది అంగీ కుట్టింది మావాళ్ళే అని ఛాతీ విరిచి చెప్పినవాళ్ళని మాత్రం నేను చూడలేదు. ఈ రోజు ముచ్చట ఆ అంగీ గురించే.

దీనికి ఒక సబబ్ ఉంది. మన బోరబండ స్టేషన్‌లో లింగంపల్లి వైపు ఎంఎంటీఎస్ ఎక్కితే తర్వాతి స్టేషన్ హైటెక్ సిటీ. ఆ దారిన మన పిల్లలు అమెరికా, జర్మనీ దాకా వెళ్ళారు. ఆ దేశాల్లో పాత కాలపు జంగ్‌లని అదే లిబాస్‌తో, అవే హథియార్లతో మళ్ళీ ఆడి చూపించే షౌక్ ఒకటి ఉంది. అమెరికాలో ఇలాంటి ఒక పెద్ద సొసైటీ 1966లో బర్క్‌లీలో మొదలైంది. 2010లో ఉక్రెయిన్‌లోని ఖోటిన్ కోట దగ్గర మొదలైన 'బ్యాటిల్ ఆఫ్ ది నేషన్స్' పోటీల్లోనైతే అంచు మొద్దు చేసిన ఉక్కు కత్తులతో నిజంగానే కొట్టుకుంటారు. ఈ షౌక్ పట్టిన కుర్రాడు మొదట అడిగేది హెల్మెట్ గురించి, ఆ తర్వాత కత్తి గురించి. అసలు మొదట అడగాల్సింది లోపల ఏం తొడుక్కోవాలని.

ఎందుకంటే జిరహ్, అంటే ఇనుప కడియాలు అల్లిన చొక్కా, కత్తి అంచుని ఆపుతుంది గానీ దెబ్బని ఆపదు. కడియాలు తెగకపోయినా వాటి కింద ఎముక విరుగుతుంది. ఆ జోరుని పంచుకుని పలచన చేసేది దూది. ఆటలో కత్తికి అంచే ఉండదు, ఉండేదంతా బరువు దెబ్బే. కాబట్టి అక్కడ రూయి పని ఇంకా ఎక్కువ.

ఈ సంగతి మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు. 12వ శతాబ్దంలో షామ్ దేశపు అమీర్ ఉసామా ఇబ్న్ మున్ఖిజ్ తన కజాగంద్ గురించి రాసుకున్నాడు. పైకి మామూలు కోటులా కనిపించే ఆ లిబాస్ లోపల రెండు జిరహ్‌లు, వాటికి అస్తర్లు, నమ్దా, ముతక పట్టు, కుందేలు బొచ్చు ఉన్నాయట. సుల్తాన్ సలాహుద్దీన్ మీద 1176లో అజాజ్ దగ్గర హంతకులు పడ్డప్పుడు, తలపాగా కింది ఇనుప టోపీ తలని కాపాడితే, మెడని కాపాడింది ఇలాంటి కజాగంద్ కాలరే. 1191లో అర్సూఫ్ దారిలో ఫరంగీ సిపాహీలని కళ్ళారా చూసిన బహాఉద్దీన్ ఇబ్న్ షద్దాద్, వాళ్ళ వీపుల మీది మందపాటి నమ్దాలో బాణాలు పదేసి గుచ్చుకుని ఉన్నా వాళ్ళు ఆగకుండా నడిచిపోయారని హైరత్‌తో రాశాడు.

ఫరంగీలు దూది అంగీని 'అకెటన్' అన్నారు. ఆ మాట అరబీ 'అల్ ఖుత్న్' నుంచి వచ్చింది. ఖుత్న్ అంటే దూది. మనం రోజూ అనే 'కాటన్' కూడా ఆ ఖుత్నే.

ఇక మన దక్కన్‌కి వద్దాం. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు ప్రయాణికుడు డొమింగో పేస్, శ్రీకృష్ణదేవరాయల ఫౌజులో సిపాహీలు పొరలు పొరలుగా కుట్టిన అంగీలు తొడుక్కున్నారని రాశాడు. పట్టు, మఖ్మల్ పైకి కనిపిస్తాయి, లోపల తోలు పొరలు, ఇనుప రేకులు. అదే ఫౌజులో తుర్కీ విల్లంబులు పట్టుకున్న ముసల్మాన్ సిపాహీలనీ ఆయన చూశాడు. అక్బర్ కాలంలో అబుల్ ఫజల్ రాసిన ఆయీన్-ఎ-అక్బరీలోని హథియార్ల జాబితాలో 'చిహిల్‌ఖద్' అనే దూది కోటు ఉంది. మన ఉర్దూలో 'చిల్తా' అనే మాటా ఉంది. చిహిల్ అంటే నలభై. తహ్ అంటే మడత, మన ఇళ్ళల్లో బట్టలు 'తహ్ చేయి' అంటామే, ఆ తహ్. నలభై పొరల అంగీ అన్నమాట. మైసూరులో టిప్పు సుల్తాన్ కాలానికి కూడా ఇది పోలేదు. నడుముకి చుట్టుకునే దూది 'పేటీ'లు, దూది టోపీలు ఈ రోజుకీ ఇంగ్లాండు మ్యూజియంలలో ఉన్నాయి.

నలభై పొరలంటే అతిశయోక్తి అనుకోకండి. ఫ్రాన్స్ బాద్షా 11వ లూయీ 15వ శతాబ్దంలో తన సిపాహీల అంగీలకి 25 నుంచి 30 పొరల బట్ట, పైన దుప్పి తోలు ఉండాలని హుకుం ఇచ్చాడు. అందులో ఇంకో మాట ఉంది. కొత్త బట్ట కాదు, వాడి వాడి మెత్తబడిన బట్టే మేలని. మన నానీలు, దాదీలు పాత చీరలు పేర్చి బొంత కుట్టినప్పుడు ఏ బాద్షా హుకుమూ లేకుండానే ఈ ఇల్మ్ వాళ్ళ చేతుల్లో ఉంది.

కాబట్టి, బేటా, అంగీ ఎంచుకునేటప్పుడు ఫోటో చూసి మోసపోకు. మొదటి సవాల్ ఏమిటంటే, దీని మీద ఇంకేమైనా తొడుగుతావా? పైన ఇనుము ఉంటే అంగీ పలచగా, ఒంటికి అతికినట్టు ఉండాలి. ఇదొక్కటే తొడిగితే మందంగా ఉండాలి. ఏదైనా ముందు అంగీ కుట్టించుకుని, దాని మీద కొలత ఇచ్చి ఇనుము చేయించుకో. తలకిందులుగా చేస్తే రెండిట్లో ఒకటి పనికిరాకుండా పోతుంది.

రెండోది, తొడుక్కుని రెండు చేతులూ పైకెత్తు, వంగు, గుర్రం ఎక్కినట్టు కాళ్ళు చాపు. చంక దగ్గర బిగిస్తే కత్తి ఎత్తలేవు. చంక కింద విడిగా ముక్క అతికిన కుట్టు మంచిది. మూడోది, కుట్టు వరసలు దగ్గర దగ్గరగా ఉన్నాయా చూడు. దూరంగా ఉంటే పాత పరుపులో లాగా దూది గడ్డలు కట్టి కిందికి జారుతుంది. భుజం మీద ఉత్త బట్ట మిగులుతుంది, దెబ్బ పడేదేమో అక్కడే. మెడ, మోచేయి, మోకాలు మరీ జాగ్రత్త. తలకీ, చేతివేళ్ళకీ, కీళ్ళకీ దూది ఒక్కటే చాలదు, గట్టి తొడుగు కావాలి. మీ గ్రూపు ఖాయిదాలు ముందు చదువుకో.

నాలుగోది వేడి. హైదరాబాదులో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చవకగా దొరికే పాలిస్టర్ దూది చెమటని పీల్చుకోదు, ఒళ్ళు ఉడికిపోతుంది. లోపలా బయటా నూలే ఉండాలి. ఆట మధ్యలో అంగీ విప్పి, నీడన కూర్చుని, నీళ్ళు తాగాలి. తడిసిన అంగీని ఆ రోజే ఎండలో వేయకపోతే లోపల దూది కుళ్ళుతుంది.

అంగీలు మనకి కనిపించకుండా పోవడానికి కూడా ఈ కుళ్ళే కారణం. సాలార్‌జంగ్ మ్యూజియంలో హథియార్ల గ్యాలరీ చూడండి, అంతా ఇనుమే. ఇనుము నిలుస్తుంది. బట్టని చెమట తింటుంది, పురుగు తింటుంది, మిగిలింది ఇంట్లో గుడ్డపేలిక అవుతుంది. అందుకే మన యాదిలో జంగ్ అంటే ఇనుమే అయిపోయింది.

దాస్తాన్లదీ అదే దారి. 1687 సెప్టెంబరులో గోల్కొండ తలుపు లోపలివాళ్ళ ద్రోహంతో తెరుచుకున్న రాత్రి, తానాషా సర్దార్ అబ్దుర్రజాఖ్ లారీ జీను లేని గుర్రమెక్కి, కత్తీ ఢాలూ పట్టుకుని ఎదురెళ్ళాడు. ఒంటి మీద డెబ్బై దాకా గాయాలు లెక్కపెట్టారని ఖాఫీ ఖాన్ రాశాడు. జీను కట్టే వ్యవధే లేనివాడికి చిల్తా కట్టుకునే వ్యవధి ఎక్కడిది? ఆయన్ని మనం గాయాలతో గుర్తుపెట్టుకున్నాం, గుర్తుపెట్టుకోవాలి కూడా. కానీ రూయి కాపాడగా గాయం లేకుండా ఇంటికొచ్చి బీవీ బచ్చాలతో అన్నం తిన్న వేలమంది సిపాహీలకి దాస్తాన్ లేదు. వాళ్ళ పిల్లల పిల్లలమే మనం.

ఆ రూయిని ఏకింది ఎవరు? తెలుగు నేల మీద దూది ఏకడం పేరులోనే పెట్టుకున్న ముసల్మానులు దూదేకులవాళ్ళు. నూర్‌బాషాలన్నా, పింజారీలన్నా, లద్దాఫులన్నా వాళ్ళే. లద్దాఫ్ అన్నది అరబీ 'నద్దాఫ్', అంటే దూది ఏకేవాడు. వాళ్ళ మాదరీ జబాన్ తెలుగు. ఏ కోటలో ఏ అంగీకి ఏ చేతులు దూది ఏకాయో కాగితం మీద లేదు. కానీ విల్లు తీగ మీద దూదిని మీటి మెత్తబరిచే హునర్ లేకుండా దూది నింపిన అంగీ తయారుకాదు, ఇక్కడ ఆ హునర్ వాళ్ళది. ఇనుముని వంచి జిరహ్ చేసిన దావూద్ అలైహిస్సలాం పేరు మన ప్రతి పిల్లాడికీ తెలుసు. దూదిని వంచినవాళ్ళ ప్రస్తావన వస్తే మాత్రం, రిష్తా మాటల దగ్గర "వాళ్ళు దూదేకులోళ్ళంట" అని గొంతు తగ్గిస్తాం. ఉర్దూ రాదని ఎగతాళి చేస్తాం.

ఈ గొంతు తగ్గించడం మానేద్దాం. అంగీ కావలసిన కుర్రాళ్ళు ఆన్‌లైన్‌లో వెతికే ముందు బస్తీలో పరుపులు, లిహాఫ్‌లు కుట్టే దుకాణానికి వెళ్ళండి. కొలత దర్జీ దగ్గర, దూది ఆ చాచా దగ్గర. ఎంత మందానికి ఎన్ని కుట్లు వేయాలో ఆయన వేలితో నొక్కి చెబుతాడు. పెద్దవాళ్ళు ఈసారి తల్వార్ కథ ఎత్తుకున్నప్పుడు, పిల్లలూ, మీరు అదబ్‌గా ఒక్కటే అడగండి: "దాదా, ఆ సిపాహీ అంగీ ఎవరు కుట్టారు?"