లైకమింగ్ ఎక్స్‌ఆర్-7755

అమెరికాలో పరీక్షల దశలోనే ఆగిపోయిన విమాన పిస్టన్ ఇంజిన్. ఆ దేశంలో ఈ తరగతిలో ఇంతకంటే పెద్దది తయారు కాలేదనే చెబుతారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, ఖండాలు దాటిపోయే బాంబర్ల కోసం పెన్సిల్వేనియా రాష్ట్రం విలియమ్స్‌పోర్ట్‌లోని లైకమింగ్ సంస్థ దీన్ని రూపొందించింది. పేరులోని 7755 దాని సిలిండర్ల మొత్తం ఘనపరిమాణం, ఘనపు అంగుళాల్లో. అంటే దాదాపు 127 లీటర్లు. బరువు సుమారు 2,740 కిలోలు. శక్తి 5,000 హార్స్‌పవర్. నంద్యాల, ఆళ్లగడ్డ పొలాల్లో తిరిగే 50 హార్స్‌పవర్ ట్రాక్టర్లు వంద కలిస్తే వచ్చేంత!

మొత్తం 36 సిలిండర్లు. వరుసకు తొమ్మిది చొప్పున నాలుగు వరుసలుగా చుట్టూ అమర్చారు. వెనక వరుసలకు గాలి సరిగా అందదు కనుక ద్రవంతో చల్లబరిచే పద్ధతి ఎంచుకున్నారు. అసలు తెలివి కవాటాలను తెరిచి మూసే తొమ్మిది క్యామ్‌షాఫ్టుల్లో ఉంది: ఒక్కోదానికీ రెండేసి రకాల క్యామ్‌లు. గాల్లోకి లేవడానికి పూర్తి శక్తినిచ్చేది ఒకటి, దూర ప్రయాణంలో ఇంధనం ఆదా చేసేది మరొకటి. షాఫ్టును పక్కకు జరిపి ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చేవారు. కార్లలో ఇలాంటి ఏర్పాటు సాధారణం కావడానికి దశాబ్దాలు పట్టింది.

యుద్ధం ముగిసింది, జెట్ ఇంజిన్లు వచ్చాయి. 1946లో పథకం రద్దయింది. ఇంజిన్‌లో లోపం కంటే కాలం మారడమే దానికి కారణమనాలి. ఖండాలు దాటిపోయే బాంబరైన బీ-36 చివరికి 28 సిలిండర్ల ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్లతో ఎగిరింది. ఎక్స్‌ఆర్-7755 ఒకటి వర్జీనియాలోని స్మిత్‌సోనియన్ విమాన ప్రదర్శనశాలలో ఉంది.