సర్వపిండి

బియ్యప్పిండిని గిన్నె లోపలే ఒత్తి, మూతపెట్టి కాల్చే కారపు రొట్టె సర్వపిండి. పాత కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో ఇది ఇంటింటి వంట. కరీంనగర్ వైపు సర్వప్ప, గిన్నప్ప అని, మరికొన్ని చోట్ల తపాలచెక్క అని కూడా అంటారు. ఇందులో ఈస్ట్ వేయరు, పిండి పులియబెట్టరు. ఓవెన్ పని మూతపెట్టిన గిన్నే చేస్తుంది.

రొట్టెకు కావలసిన బియ్యం ఇక్కడి పొలాల్లోనే పండుతుంది. 2016లో పాత కరీంనగర్ నుంచి విడివడిన, శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ పారే జగిత్యాల జిల్లాలో వరి ప్రధాన పంట. జగిత్యాల సన్నాలు అనే వరి రకం ఇక్కడి పొలాస పరిశోధన స్థానంలోనే పుట్టింది. అయితే సర్వపిండికి సన్నబియ్యమే కావాలని లేదు. గిర్నిలో పట్టించిన పొడిపిండి చాలు.

2 కప్పుల పిండికి గంటసేపు నానిన శనగపప్పు 2 చెంచాలు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు గుప్పెడు, నువ్వులు, జీలకర్ర, దంచిన ఎల్లిగడ్డ, ఉల్లాకు, కరివేపాకు, కారం, ఉప్పు కలుపుతారు. వేడినీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ మెత్తటి ముద్ద చేయాలి. వేడికి బియ్యపు పిండిపదార్థం కొంత ఉడికి జిగురొస్తుంది, రొట్టె విరగదు. చల్లని గిన్నెకు నూనె రాసి, ముద్దను అడుగున, అంచుల మీదికి పలుచగా ఒత్తుతారు. వేలితో అక్కడక్కడా బొక్కలు పెట్టి నూనె చుక్కలు వేస్తారు. ఆ నూనె అడుగుకు దిగి రొట్టెను కరకరలాడిస్తుంది. మూతపెట్టి సన్నమంట మీద 10 నుంచి 12 నిమిషాలు కాల్చాలి. తిప్పి వేయనక్కర్లేదు. అడుగు ఎర్రగా వేగుతుంటే, పిండిలోని నీరు ఆవిరై పైభాగాన్ని ఉడికిస్తుంది. మంట పెంచితే మాత్రం అడుగు మాడి, పైన పచ్చిగా మిగులుతుంది.

రెండోది ఒత్తే ముందు గిన్నెను బోర్లించి, వెనక నీళ్లు పోసి చల్లార్చాలి. వేడి గిన్నెలో పిండి పరుచుకోదు, చేతులూ కాలతాయి. రెండు గిన్నెలుంటే పని తేలిక.

గోధుమపిండిలోని గ్లూటెన్ ఈస్ట్ వదిలే గాలిని పట్టి ఉంచుతుంది కనుక గోధుమ బ్రెడ్ పొంగుతుంది. ఐర్లండ్ సోడా బ్రెడ్‌లో ఈస్ట్ బదులు వంటసోడా, మజ్జిగ కలిసి గాలిని పుట్టిస్తాయి. బియ్యంలో గ్లూటెన్ లేదు. అందుకే సర్వపిండి పొంగు కోసం చూడదు, పలుచదనంతోనే ఉడుకుతుంది.

ఇప్పుడు చాలామంది చదును పెనం మీద చేస్తున్నారు. తినడానికి బాగానే ఉంటుంది గానీ, గుండ్రటి గిన్నెలో వచ్చే కరకర అడుగు, మెత్తటి అంచు ఒకే ముక్కలో దొరకవు. ఆనిగెపుకాయ తురుము కలిపి చేసేవారూ ఉన్నారు. తురుములో నీరుంటుంది కాబట్టి ముందు దాన్ని పిండిలో కలిపి, ఆ తర్వాతే నీళ్లు ఎన్ని పోయాలో చూసుకోవాలి.