పిచ్చికుక్క విషము చూపిన బాట

ఆదోని పత్తి మార్కెట్టునకు బండ్లు తోలినవారికిని, ఎమ్మిగనూరు మగ్గముల వీధులలో పెరిగినవారికిని పిచ్చికుక్క కాటు భయము క్రొత్త గాదు. కుక్క కరచిన పిదప వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు గడచి, గాయము మానిన తరువాత రోగి నీటిని చూచి జడియుట మన పెద్దలు ఎరిగినదే. ఆ గడువులో విషము ఎక్కడ దాగియుండెను?

అది నరముల బాట పట్టియుండెను. కాటుపడిన చోట నరపు కొసను పట్టుకొని, మెల్లగా వెన్నుపామునకును, అటనుండి మెదడునకును ప్రాకుట దాని నైజము. అది మెదడు చేరకమున్నే దేహమును సిద్ధపరచవలెనని తలచి, పారిసులో లూయీ పాస్టరు కుందేళ్ల వెన్నుపామును ఎండబెట్టి చేసిన మందును 1885లో జోసెఫ్ మైస్టరను తొమ్మిదేండ్ల బాలునకు ఇప్పించెను, బాలుడు బ్రతికెను. 1907లో నీలగిరులలోని కూనూరున పాస్టరు సంస్థ వెలసెను. అప్పటి మద్రాసు రాజధానిలో మన ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిది. 1953లో గదా ఆంధ్రరాష్ట్రముతోపాటు మనకు దక్కినది! గొఱ్ఱె మెదడుతో చేసిన టీకాను పొట్టమీద దినదినము పొడిపించుకొన్నవారు మన యిండ్లలో నేటికిని కలరు. అది ఎందరి ప్రాణములనో కాచినను, అరుదుగా కొందరికి పక్షవాతమును దెచ్చెను. ఈ శతాబ్ది తొలి దశకములో మన దేశము దానిని విడిచెను.

మనము విషమనునది నిజమునకు వైరసు. కణములోనికి చొచ్చి తన జన్యువులను దింపుట దాని వృత్తి. దాని హాని తీసివేసి, వలసిన జన్యువును దానిచేతనే మోయించినచో? 2007లో అమెరికా శాస్త్రజ్ఞులు పిచ్చికుక్క వైరసునుండి ఒక జన్యువును తొలగించి, వెలుగునిచ్చు జన్యువును చేర్చి, ఎలుక మెదడు ముక్కలలో ఏ నాడీకణము దేనితో కలిసియున్నదో కనుగొనిరి.

రక్తమునుండి మెదడునకు పోవు దారిలో గట్టి కావలి కలదు. రోగము కలిగింపని మరియొక చిన్న వైరసు, పసి చుంచెలుకలలో ఆ కావలిని దాటి వెన్నుపాము కణములకు జన్యువును చేర్చునని 2009లో తేలెను. కండరములను ఆడించు నాడీకణములు నశించి పసిబిడ్డలు కృశించు వ్యాధికి, ఈ విధానముననే చేసిన మందునకు 2019లో అమెరికా అనుమతి లభించెను. దాని వెల కోట్ల రూపాయలు. మన పల్లె బిడ్డకు అది నేటికిని దూరమే.

కుందేలునకును, చుంచెలుకకును మనము ఋణపడితిమి. కాని ఆ పాత శత్రువు మన వీధులలోనే కలదు. కుక్క కరచినచో పసరుమందు వెదకక, గాయమును సబ్బునీటితో పావుగంట కడిగి, ఆనాడే టీకాకు పోవుదము. బాటను ముందుగా పట్టినవానిదే గెలుపు.