శ్రీనాథుడు మింగలేని ముద్ద

శ్రీకృష్ణుణ్ణి భోజనానికి పిలిచి సవాలు విసిరిన కవి ఒకడున్నాడు. శ్రీనాథుడిదని చెప్పుకునే ఒక చాటుపద్యంలో సంగతి ఇది. పూతన చేదుపాలు తాగానని, కార్చిచ్చు మింగానని నిక్కుతున్నావు కదా స్వామీ, అదంతా ఏం గొప్ప? చింతాకు వేసి వండిన ఈ వేడివేడి బచ్చలికూరను జొన్నకూటితో కలిపి ఒక్క ముద్ద దిగమింగు, నీ పస అప్పుడు చూస్తాను అంటాడు. కాలకూటం కంటే, దావాగ్ని కంటే పల్నాటి జొన్నముద్ద కష్టమని ఆయన తీర్పు.

ఈ పద్యం మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వుతోపాటు సిగ్గు కూడా వేసింది. ఎందుకంటే నేనూ ఆ ముద్ద దగ్గర ఓడిపోయినవాణ్ణే. మాది కోనసీమ. మూడు పూటలా వరి తప్ప మరొకటి ఎరగని నోరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కర్నూలు వైపు ఒక పల్లెలో మిత్రుడి ఇంటికి వెళ్తే, వాళ్ల అవ్వ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు తడుతోంది. మొదటి రొట్టె నా పళ్లెంలో వేసింది. తుంచి నోట్లో పెట్టుకుని నమిలాను, నమిలాను, ఇంకా నమిలాను. చెంబెడు నీళ్లు తాగాను. అవ్వ చూసి, "వరి తిన్న నోరు, అలవాటు కావాల నాయనా" అని, రెండో రొట్టె మీద ఇంత వెన్న వేసింది. మర్యాదకు తిన్నాను. మర్నాడు పొద్దున మిగిలిన రొట్టెను తుంపి మజ్జిగలో నానబెట్టి ఉల్లిపాయతో ఇచ్చింది. కాస్త నయమనిపించింది. ఆ రాత్రి వంకాయకూరతో, చెనిక్కాయల ఊరిబిండితో పెట్టినప్పుడు మాత్రం నేనే అడిగి మూడోది వేయించుకున్నాను.

అందుకే శ్రీనాథుడి గొడవ నాకు సొంత గొడవలా అనిపించి, జొన్న వెంట పడ్డాను. వెతగ్గా ముందు తేలిన సంగతి, మనం అచ్చమైన పాతకాలపు దేశవాళీ తిండి అనుకునే జొన్న మనది కాదని. అది ఆఫ్రికా గింజ. తూర్పు సూడాన్‌లో 5 వేల ఏళ్ల పైబడిన కుండపెంకుల మీద సాగుజొన్న పొట్టు ముద్రలు దొరికాయి. సజ్జ పడమటి ఆఫ్రికా నుంచి, రాగి తూర్పు ఆఫ్రికా ఎత్తుభూముల నుంచి వచ్చాయి. అవి రాకముందు బళ్లారి, కర్నూలు, అనంతపురం ప్రాంతాల్లో బూడిదదిబ్బలు మిగిల్చి వెళ్లిన కొత్తరాతియుగపు పశుపాలకులు తిన్నవి అండుకొర్రలు, ఉలవలు, పెసలు. సంస్కృతంలో జొన్నకు యవనాలమని పేరు. మన జొన్న, మరాఠీవాళ్ల జోంధళా ఆ మాటకు బంధువులేనని ఒక వాదం ఉంది. దాని ప్రకారం చూస్తే పేరులోనే పరదేశి వాసన ఉన్నట్టు.

అవ్వ పెట్టిన పళ్లాన్ని ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. జొన్న ఆఫ్రికాది. ఊరిబిండిలోని చెనిక్కాయ దక్షిణ అమెరికాది. మిరపకాయ కూడా అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు ఓడల్లో దిగినదే. ఆ పళ్లెంలో పుట్టినింటి పిల్ల అంటే వంకాయ ఒక్కతే. అయినా ఆ భోజనాన్ని రాయలసీమ భోజనం కాదనే ధైర్యం ఎవరికుంది? నాలుగు తరాలు ఒక పొయ్యి మీద ఉడికితే ఏ గింజైనా ఆ ఊరిదే అవుతుంది.

ఇక శ్రీనాథుడి దగ్గరికి వద్దాం. అసలు నాకు ఆయన్ని వదలాలని లేదు.

కొండవీటిలో పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారిగా వెలిగినవాడాయన. కర్పూరం, గంధం ఓడల మీద తెప్పించి అమ్మే అవచి తిప్పయసెట్టికి హరవిలాసం అంకితమిచ్చి అతిథి మర్యాదలు అందుకున్నవాడు. ఆ కాలపు నాగరికుల నోరు ఎలా ఉండేదో తెలియాలంటే క్రీడాభిరామం చూడాలి. అది శ్రీనాథుడిదేనని కొందరు, వినుకొండ వల్లభరాయుడిదని కొందరు ఇప్పటికీ కొట్టుకుంటారు. ఎవరిదైనా సరే, అందులో ఓరుగల్లు పూటకూళ్ల ఇంటి భోజనం ఉంది. ఒక రూక ఇస్తే కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నంజుకోవడానికి నాలుగైదు రకాలు, పెరుగు. ఈ భోజనం మరిగిన నోటికి పల్నాడు ఎదురైంది.

పల్నాటి మీద ఆయనవని చెప్పే చాటువులు ఒక చిన్న కారాగారపు దినచర్యలా ఉంటాయి. ఒకదాంట్లో కలి జొన్న, అంబలి జొన్న, అన్నం జొన్న, సన్నన్నం మాత్రం సున్న అంటాడు. మరోదాంట్లో రాళ్లు, చిల్లర దేవుళ్లు, నాగులేటి నీళ్లు, పాములు, తేళ్లు అన్నీ వరసగా లెక్కపెట్టి వాటి మధ్యలో సజ్జజొన్న కూళ్లను కూడా కూర్చోబెట్టాడు. రసికుడు అక్కడికి పోడని, పోతే రంభ అయినా రాట్నం వడకాల్సిందేనని, మన్మథుడైనా జొన్నకూడే తినాల్సిందేనని ఇంకొకదాంట్లో అన్నాడు. తిట్టబోయి ఆయన మనకు చేసిన మేలు మాత్రం చాలా పెద్దది. మామూలు జనం ఏం తిన్నారో చెప్పేవాళ్లు ఆ కాలంలో అరుదు. కావ్యాలన్నీ పంచభక్ష్య పరమాన్నాలే వడ్డిస్తాయి. 600 ఏళ్ల కిందటి ఒక పల్లె వంటగది మనకు కనబడుతున్నదంటే, అది ఒక కవి ముఖం చిట్లించడం వల్లే.

ఆ బచ్చలికూర సంగతి ఇంకొకటి. శ్రీనాథుడి నాటికి మిరపకాయ మన దేశంలోనే లేదు. వాస్కో డ గామా కాలికట్టులో దిగింది 1498లో. కాబట్టి ఆయన తిట్టిన కూరలో చింతాకు పులుపే తప్ప మన కారం లేదు. ఇప్పుడు ఆ పల్నాడే మిరప పండించి గుంటూరు యార్డుకు పంపుతోంది. ఆయన ఇవాళ వస్తే అదే కూర వేరే రుచిలో తినేవాడు. జొన్నను వదిలేసి కారం మీద కొత్త పద్యం చెప్పేవాడేమో.

పల్నాడు ఒక్కటే కాదు, ఆయన కన్నడ దేశంలోనూ ఇబ్బంది పడ్డాడు. ప్రౌఢదేవరాయల దర్శనం కోసం విజయనగరం వెళ్లి, అక్కడివాళ్లలా కుళ్లాయి పెట్టుకుని, పొడుగాటి అంగీ తొడుక్కుని, వెల్లుల్లి, నువ్వులపిండి వడ్డిస్తే తిని, చల్ల కలిపిన అంబలి తాగి, రుచి కుదరకపోయినా సర్దుకుని, అమ్మా కన్నడ రాజ్యలక్ష్మీ, నా మీద దయ లేదా అని వాపోయాడట. పొరుగూళ్లో ఉద్యోగం కోసం వెళ్లి మెస్సులో తినలేక ఇంటికి ఉత్తరం రాసే కుర్రాడి గొంతే ఇది. చివరికి ఆస్థాన పండితుడు డిండిమభట్టును ఓడించి కనకాభిషేకం చేయించుకున్నాడు. కానీ నువ్వులపిండిని మర్చిపోలేదు.

నువ్వులు కూడా ఆయన్ని మర్చిపోలేదు. ముసలితనంలో ఆశ్రయమిచ్చే రాజులు పోయాక కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లె గుత్తకు తీసుకుని సేద్యం చేశాడంటారు. ఏరు పొంగి పంట కొట్టుకుపోయింది. మిగిలిన నువ్వులు, పెసలు పిట్టలు తినేశాయి. కట్టాల్సిన 700 టంకాలు కట్టలేక శిక్షకు లోనయ్యాడు. ఆ బాధ చెప్పే సీసపద్యం చదివితే, విజయనగరంలో వద్దనుకున్న పిడికెడు నువ్వుల కోసం ఆయన పిట్టలతో పోటీ పడటం కళ్లకు కడుతుంది.

శ్రీనాథుడి తర్వాత నాలుగు వందల ఏళ్లు జొన్న అలాగే, ఎవరూ పద్యం చెప్పకుండా, మెట్ట పొలాల్లో పండుతూ పోయింది. ఆ తర్వాత కథ మారింది నీళ్ల వల్ల. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి గోదావరి డెల్టా వరిమయమైంది. నా నోరు అక్కడ తయారైంది. 1967లో నాగార్జునసాగర్ కాలువలు పారాయి. శివుడా, ఒక్క భార్య చాలు, గంగను మాకు వదిలిపెట్టు అని శ్రీనాథుడు మొరపెట్టుకున్న పల్నాటిలోకి నిజంగానే నీళ్లు వచ్చాయి. సన్నన్నం సున్న అన్న నేల మీద వరి పండింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక మెట్ట ఊళ్లలో కూడా పేదవాడి కుండలోకి తెల్లన్నం చేరింది. దీన్ని నష్టమని అనలేను. ఆకలితో ఉన్నవాడికి అన్నం దొరకడం తప్పని ఎవడంటాడు? పండక్కి మాత్రమే వరన్నం చూసిన తరం ఆ బియ్యాన్ని కళ్లకద్దుకుంది.

పోయింది మాత్రం వేరే ఉంది. జొన్న పోతే దాంతోపాటు చొప్ప పోయింది, చొప్ప తినే ఎద్దులు పోయాయి. లేతజొన్న మేస్తే పశువుకు నాము తగులుతుందని దూడను లాగి కట్టేసే పిల్లల జ్ఞానం పోయింది. వరికి ఉన్నట్టు జొన్నగింజకు గట్టి పొట్టు తొడుగు ఉండదు, కంకి మీద బయటికే కనిపిస్తుంది. అందుకే పిట్టలకు ఇష్టం. అందుకే చేలో మంచె వేసి, వడిసెల పట్టుకుని కాపలా కాసేవారు. ఆ మంచె మీద పాడిన పాటలు పోయాయి. పాలకంకిని నిప్పుల మీద కాల్చి, నలిపి, వేడివేడిగా తినే ఊచబియ్యం ఎన్ని ఊళ్లలో మిగిలింది? తొలి ఏకాదశికి జొన్నపేలాల పిండి బెల్లంతో చేసే ఇళ్లు ఎన్ని? అన్నిటికంటే ఎక్కువ పోయింది, చేతిలో ఉండే కొలత.

అవ్వ దగ్గర కూర్చుని ఆ కొలత అడిగాను. "పిండి ఎంత తాగితే అన్ని నీళ్లు" అంది. గోధుమపిండికి ఉన్న సాగుడు జొన్నపిండికి లేదు. అందుకే మరుగుతున్న నీళ్లు పోసి, పిండిని సగం ఉడకనిచ్చి, అరచేతి మడమతో నున్నగా మర్దిస్తుంది. ముద్దను పొడిపిండి మీద పెట్టి వేళ్లతో తడుతూ తిప్పుతుంది. అంచు పగిలితే తడివేలితో అతుకుతుంది. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో తుడుస్తుంది. ఆ తడి ఆరగానే తిప్పుతుంది. చివరికి నిప్పుల మీద నిలబెడితే పూరీలా పొంగుతుంది. పిండి పాతబడితే జిగి పోతుందట, రొట్టె చేతిలోనే ముక్కలవుతుందట. ఇదంతా ఏ పుస్తకంలోనూ లేదు. తట్టే చప్పుడు విని రొట్టె మందం చెప్పగల చెవి ఆమెది.

ఇప్పుడు జొన్నకు మళ్లీ మంచిరోజులు వచ్చాయంటున్నారు. జొన్న మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ 1972 నుంచి మన పటాన్‌చెరులోనే ఉంది. చిరుధాన్యాల కోసం ఐక్యరాజ్యసమితి 2023ను కేటాయించింది. జహీరాబాద్ వైపు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు పాతవిత్తనాలు దాచి, ఏటా పాతపంటల జాతర చేస్తూ వచ్చాయి. 2019లో వాళ్లకు ఈక్వేటర్ బహుమతి వచ్చింది. హైదరాబాద్‌లో సాయంత్రం పూట రోడ్ల పక్కన ఆడవాళ్లు పెనం పెట్టుకుని జొన్నరొట్టెలు తడుతుంటే కార్లు ఆగుతున్నాయి. ఒకప్పుడు అల్లుడు వస్తే జొన్నరొట్టె దాచి, అప్పు తెచ్చి వరన్నం వండిన ఊళ్లున్నాయి. ఇప్పుడు ఆ అల్లుడే డాక్టర్ చెప్పాడని బియ్యం మానేసి జొన్న కొంటున్నాడు.

సంతోషమే. ఒక్క మాట మాత్రం ఉంది. మందులా తినే తిండి మూడు నెలలకు మించి నిలవదు. మొదటిసారి తినేటప్పుడు నోరు చెప్పేది ఆ తిండి రుచి కాదు, మనం పెరిగిన వంటింటి అలవాటు. శ్రీనాథుడంతటివాడు కూడా ఆ అలవాటునే రుచి అనుకుని పద్యం చెప్పాడు. నా విషయంలో అది మూడో పూటకు గానీ తేలలేదు.

కాబట్టి చదువరులకు ఒక మనవి. మీకు కొత్తదైన తిండి ఏదైనా, గోదావరివాళ్లకు జొన్నరొట్టె గానీ, తెలంగాణవాళ్లకు పనసపొట్టు కూర గానీ, దాన్ని ఆ తిండి పుట్టిన ఇంట్లో, ఆ ఇంటి పెద్దావిడ చేత్తో తినండి. చింతచిగురు వచ్చే రోజుల్లో బచ్చలికూరలో నాలుగు రెబ్బలు వేయించి, వేడి జొన్నముద్ద అడగండి. తీర్పు మూడో పూట తర్వాత చెప్పండి.