పంటి రోలు

నేను భువనగిరియందు చాలకాలము బాలురకు పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. త, థ, ద, ధ, న అనునవి దంత్యములు. నాలుక పైపండ్లను తాకినగాని అవి స్పష్టముగా పలుకవు. నా ముందరి పైపండ్లు రెండు ఊడి ఐదేండ్లయ్యెను. మన నల్లగొండ సీమలో ఫ్లోరైడు నీటివలన పండ్లు చెడుట చిన్ననాటనుండి చూచినదే గనుక, ఇదియు విధివ్రాత యని ఉపేక్షించితిని. ఒకనాడు మనుమనికి పద్యము చెప్పుచుండగా వాడు నా తడబాటునే వల్లించెను. సిగ్గుపడి దంతవైద్యునికడ కేగితిని. “పన్ను నాటవచ్చును గాని, నాటుటకు ఎముక చాలదు” అని వారు సెలవిచ్చిరి.

చరకసంహిత శరీరమున 360 ఎముకలను లెక్కించినది. అందు దంతములు 32, దంతోలూఖలములు 32. ఉలూఖలమనగా రోలు. మన వాకిటి రోలు రోకలి లేకున్నను చెడదు. నోటిలోని రోలు అట్టిది కాదు. పన్ను తీసిన యేడాదిలో ఆ తావున ఎముక వెడల్పు ఇంచుమించు సగము తరుగుననియు, ఆ తరుగుదలలో మూడింట రెండు పాళ్ళు మొదటి మూడు నెలలలోనే జరుగుననియు 2003లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది.

స్వీడను దేశీయుడగు బ్రోనెమార్క్ 1952లో కుందేలు ఎముకలో అమర్చిన టైటానియము ఎముకతో ఏకమగుట గమనించెను. 1965లో తొలిసారి మనుష్యుని దవడలో టైటానియపు మరమేకులు నాటెను. మరి ఎముక తరిగినవారి గతి యేమి?

గడ్డమునుండియో, దవడ వెనుకభాగమునుండియో ఎముకముక్క తీసి తరిగినచోట బిగించుట ఒక పద్ధతి. పైదవడ వెనుకపండ్లమీద సైనసు అను గాలిగది కలదు. దాని అడుగుపొరను చినుగకుండ ఎత్తి, క్రింద ఎముకను నింపు విధమును 1970 తరువాతి దశకమున టేటమ్ అను అమెరికా దంతవైద్యుడు చూపెను. 1980లో బోయిన్, జేమ్స్ అనువారు అట్టి చికిత్సను ప్రకటించిరి. 1988లో స్వీడనునందు డాలిన్ మొదలగువారు ఎలుకలపై వేరొక మార్గమును పరీక్షించిరి. చిగుళ్ళ మాంసము కలుపువలె త్వరగా పెరుగును. ఎముక పైరువలె నెమ్మదిగా పెరుగును. నడుమ పొర పరచి కలుపు నాపినచో, పైరు తన తావును తానే నింపుకొనును.

నాకు చేసినది ఇదియే. ఎముకపొడి పెట్టి, పొర కప్పి, చిగురు కుట్టి, ఆరు నెలలు వేచియుండుమనిరి. ఇప్పుడు నాలుగవ నెల. వైద్యుడు తావు కాచును. ఎముకను పెంచునది శరీరమే.

కావున పన్ను తీయించుకొనునాడే దాని తావును గూర్చి వైద్యుని అడుగుడు. పొగాకు మానుడు; అది ఎముక అతుకుటకు విఘ్నము. నావలె ఐదేండ్లు జాగు చేయకుడు. నాకు మాత్రము మనుమనికి ఆ పద్యమును మరల మొదటినుండి చెప్పు పని మిగిలియున్నది.