చింతపిక్కల సర్కారు

రాష్ట్రపతి పేరు అడిగితే టక్కున చెప్పావు. లోక్‌సభలో 543 మందని లెక్క కూడా అప్పజెప్పావు. బాగుందే అమ్మలూ! మరి మూడు రోజులుగా మీ వీధి దీపం వెలగడం లేదు కదా, అది ఎవరితో చెప్పుకోవాలో చెప్పు చూద్దాం? నోరెళ్ళబెట్టకు, ఈగలు దూరతాయి. మీ నాన్ననడిగినా తల గోక్కుంటాడు. ఇల్లు దాటకుండా ఢిల్లీ చూపించే చదువులే మీవి.

ఇట్లా కుంపటి దగ్గరికి జరుగు. ఆ ఫోను అవతల పెట్టు. మా బళ్ళో మాకు రాజ్యం గురించి ఎట్లా చెప్పారో చెప్తాను. తొందరపడితే కుదరదు, నాకు దారిలో నాలుగు ఊళ్ళు తిరిగితే గానీ అసలు ఊరు చేరడం చాతకాదు.

మాది చీరాలకి దగ్గర్లో పల్లె. బడంటే తాటాకు పాక, ఒక బల్ల, ఒక కుర్చీ, గోడకి దేశపటం. ఆ పటంలో హైదరాబాదు ఉన్న చోట చెదపురుగు తినేసింది. రాజధాని ఏదంటే మేమంతా ఆ కన్నంలో వేలు పెట్టి చూపించేవాళ్ళం. పలక మీద రాసింది దొండాకు పసరుతో తుడుచుకునేవాళ్ళం. ఉమ్మితో తుడిస్తే సరస్వతికి కోపమొస్తుందని మేస్టారు చెప్పేవారు. ఆయన అటు తిరిగితే ఉమ్మే వాడేవాళ్ళం. దొండపాదు ఎవరింట్లో ఉంటే వాళ్ళకి బళ్ళో భలే పరపతి. ఒక్క ఆకుకి ఒక మరమరాల ఉండ ఇచ్చుకోవాలి, ఉండేమో అణా.

అణా అన్నాను కదా, ఇక్కడ ఒక్క మాట చెప్పి పోతాను. 1957 ఏప్రిల్లో నయాపైసలు వచ్చాయి. అప్పటిదాకా రూపాయికి పదహారణాలు, అణాకి నాలుగు కానులు, రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. కొత్త లెక్కలో రూపాయికి నూరు పైసలు. మరి అణాకి ఎన్ని? ఆరుంపావు! పావు పైసా ఎక్కడ దొరుకుతుంది? అందుకని సర్కారు వాళ్ళే పట్టీ వేసి ఇచ్చారు: అణాకి ఆరు, బేడకి పన్నెండు, మూడణాలకి పంతొమ్మిది, పావలాకి ఇరవై అయిదు. ఇంకేం, మా అమ్మకి పండగ. పావలా సరుకు ఒక్కసారే కొంటే పాతిక పైసలివ్వాలి. అదే అణా చొప్పున నాలుగు సార్లు కొంటే ఇరవై నాలుగే! ఒక్క పైసా మిగులుతుందని నాలుగు సార్లు కొట్టుకి తిప్పేది నన్ను. కోమటి కొట్టు తాతకి తిక్క రేగి, "ఏమ్మాయ్, మీ ఇంట్లో ఉప్పు, పప్పు, చింతపండు, మిరపకాయ ఒకదాని మొహం ఒకటి చూసుకోవా?" అనేవాడు. పాత నాణేలు, కొత్త నాణేలు కలిసి తిరిగినన్నాళ్ళూ ఊరంతా ఇదే తగువు. ఢిల్లీలో చేసిన చట్టం మా ఉప్పు పొట్లంలోకి ఎట్లా వస్తుందో మాకు తెలిసింది అప్పుడే.

సరే, మేస్టారి దగ్గరికొద్దాం. నేను అయిదో తరగతిలో ఉన్నాను. ఒకరోజు ఆయన పంచాయతీ పాఠం చెప్పబోయి, పుస్తకం తెరిచి, మళ్ళీ మూసేసి, "రేపు మన తరగతికి సర్పంచిని ఎన్నుకుందాం" అన్నారు. మూడు ఖాళీ పాలడబ్బాలు తెచ్చారు. ఒకదాని మీద మామిడికాయ బొమ్మ, ఒకదాని మీద గాలిపటం, ఇంకోదాని మీద సైకిలు. నిలబడ్డ ముగ్గురికీ మూడు డబ్బాలు. ఇది ఆయన సొంత తెలివి కాదు, 1952లో దేశంలో జరిగిన మొదటి ఎన్నికల పద్ధతి. అప్పట్లో చాలామందికి చదువు రాదు కదా, అభ్యర్థికో పెట్టె పెట్టి దానిమీద గుర్తు అంటించేవారు. కాంగ్రెసు వాళ్ళ జోడెడ్ల పెట్టె, కమ్యూనిస్టుల కంకీకొడవలి పెట్టె, అట్లా. నీకు నచ్చిన పెట్టెలో చీటీ వేసి రావడమే. కొందరు పెట్టెకి దణ్ణం పెట్టి పూలు కూడా వేశారట. దేవుడి హుండీ అనుకున్నారో, గెలిచినవాడు వరమిస్తాడనుకున్నారో మరి!

ఆ 1952 ఓటుకి మా నాయనమ్మ వెళ్ళిన కథ ఇంకా బాగుంటుంది. మనం అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేవాళ్ళం. అక్కడ గుమాస్తా "నీ భర్త పేరేమిటమ్మా?" అన్నాడు. మొగుడి పేరు నోటితో చెప్పడమే! నాయనమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. రెండోసారి అడిగాడు. గోడ మీద వెంకటేశ్వరస్వామి కాలెండరు కనిపిస్తే అటు వేలు చూపించింది. గుమాస్తా కాసేపు కాలెండరుకేసి చూసి "ఎనిమిదో తేదీనా?" అన్నాడట. నవ్వకే, దగ్గొస్తుంది. ఉత్తరాదిన అయితే ఇంతకన్నా ఇబ్బంది పడ్డారు. ఆడవాళ్ళు సొంత పేర్లు చెప్పకుండా ఫలానావాడి పెళ్ళాన్ని, ఫలానావాడి తల్లిని అని రాయించుకుంటే ఎన్నికల వాళ్ళు ఒప్పుకోలేదు. అట్లా 28 లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు జాబితాలోంచి ఎగిరిపోయాయి. తరవాత్తరవాత పేరు చెప్పడం అలవాటైంది. 1962 ఎన్నికలకి వేలికి మైసూరు సిరా పూశారు. మా నాయనమ్మ నెలరోజులు ఆ వేలు పైకెత్తే తిరిగింది.

ఇంతకీ మా తరగతిలో గాలిపటం గెలిచింది. సర్పంచి అయ్యాడు ఒకడు, కోశాధికారి ఇంకొకడు, నేను ఒక మెంబరుని. సర్కారన్నాక ఖజానా ఉండాలి కదా! తలా ఒక్కింటికి వారానికి అయిదు చింతపిక్కలు పన్ను అని తీర్మానమైంది. ఒకడు లేచాడు. వాళ్ళకి చింతచెట్టు లేదు, చింతపండు కొనే తాహతూ లేదు. "పన్ను కట్టకపోతే నాకు ఓటుండదా సార్?" అన్నాడు. మేస్టారు కుర్చీలోంచి లేచి వాడి దగ్గరికి వెళ్ళారు. తెల్లవాళ్ళ రోజుల్లో ఆస్తి ఉన్నవాడికి, ఇంతని పన్ను కట్టేవాడికే ఓటు ఉండేదని, ఇప్పుడు ఇరవై ఒక్కేళ్ళు నిండితే కూలివాడికైనా, జమీందారుకైనా ఒక్కొక్కటేనని చెప్పారు. ఇరవై ఒకటే అప్పుడు, పద్దెనిమిది తరవాతెప్పుడో వచ్చింది. వాడు ఆనందంగా కూర్చున్నాడు. కూర్చుని, పన్ను మాత్రం ఎగ్గొట్టాడు.

నెల తిరిగేసరికి ఖజానా లెక్క చూద్దామంటే డబ్బాలో పిడికెడు కూడా లేవు. కోశాధికారి బిక్కమొహం వేశాడు. వాడు డబ్బా ఇంటికి తీసుకెళ్ళి దాచాడు. వాళ్ళక్క పిక్కల్ని మంగలంలో దోరగా వేయించింది. ఇంకేముంది, ఇంటిల్లిపాదీ కూర్చుని కటుక్కు కటుక్కుమని రాజ్యాన్ని నమిలేశారు. కంచే చేను మేస్తే కాసేవాడెవడు! మేస్టారు కొడతారనుకున్నాం. ఆయన కొట్టలేదు. "లెక్క రాసే పుస్తకం ఒకడి దగ్గర, డబ్బా ఒకడి దగ్గర ఉండాలి, ఇద్దరూ చుట్టాలు కాకూడదు" అని మాత్రం అన్నారు. పెద్దయ్యాక ఆడిట్ అనే మాట విన్నప్పుడల్లా నాకు వేయించిన చింతపిక్కల వాసనే వస్తుంది.

ఖాళీ ఖజానా చూసి మా సర్పంచి ఏం చేశాడనుకున్నావు? అయిదు పిక్కలు కాస్తా యాభై చేశాడు. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా? అంతే, సగం తరగతి పలకలు పట్టుకుని బయటికి నడిచి వేపచెట్టు కింద కూర్చుంది. నేనూ నడిచాను. మెంబరుని కదా, ముందే నడిచాను. మేస్టారు పిలవలేదు, తిట్టలేదు. చెట్టు దగ్గరికొచ్చి మమ్మల్నోసారి చూసి, "అచ్చం చీరాల పేరాల చేశార్రా" అని, నా వైపు తిరిగి "రేపు మీ నాయనమ్మని బడికి రమ్మన్నానని చెప్పు" అన్నారు.

నాయనమ్మది పేరాల పుట్టిల్లు. మర్నాడు మడతచీర కట్టుకుని వచ్చింది. కుర్చీ వేస్తే వద్దని అరుగు మీద కూర్చుంది. "నాకేం తెల్సయ్యా చెప్పటానికి" అంటూనే మొదలెట్టి మధ్యాహ్నం గంట కొట్టినా ఆపలేదు.

ఆ కథ నువ్వు వినాల్సిందే. చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట, ఇవన్నీ కలిపి యూనియన్ అని ఉండేది. నేతగాళ్ళు, చిన్న రైతులు ఎక్కువ. తెల్లదొరల సర్కారు దాన్ని మునిసిపాలిటీ చేసింది. పేరు పెద్దదైంది, పన్ను అంతకన్నా పెద్దదైంది, దాదాపు పదింతలు. జనం మాకు మునిసిపాలిటీ వద్దు మొర్రో అన్నారు. వినలేదు. పన్ను కట్టం పొమ్మన్నారు జనం. కొందర్ని జైల్లో పెట్టారు, అందులో ఓ ఆడమనిషి కూడా ఉంది. అప్పుడు వాళ్ళకి దొరికిన నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడింబరోలో ఎమ్మే చదివొచ్చిన మనిషి, మెడలో రుద్రాక్షలు వేసుకుని వీధిలో నిలబడి పదాలు పాడేవాడు. రామదండు అని వలంటీర్ల దళం కట్టాడు. మనవాళ్ళకి ఉపన్యాసం చెప్తే నిద్రొస్తుంది, రాముడి కథలో పెట్టి చెప్తే తెల్లవార్లూ మేలుకుంటారని ఆయనకి తెలుసు. నీకూ అంతేగా, అందుకే ఇన్ని వంకర్లు తిరుగుతున్నాను.

1921లో బెజవాడలో కాంగ్రెసు సభలు జరిగాయి. పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా చూపించింది ఆ సభలప్పుడే. అవి ముగిసిన కొద్ది రోజులకే గాంధీగారు చీరాల వచ్చారు. పన్ను కట్టకుండా శాంతంగా జైళ్ళకన్నా వెళ్ళండి, లేదంటే ఊరే వదిలి వెళ్ళిపోండి అని రెండు దారులు చెప్పారట. ఊరే లేకపోతే మునిసిపాలిటీ ఎవరికి? నాయనమ్మ ఆయన్ని చూశానని చెప్పేది గానీ, గట్టిగా అడిగితే "జనం బాగా ఉన్నార్లే, దుమ్ము మటుకు చూశా" అనేది.

ఉన్న ఊరు కన్నతల్లి అంటారు కదా! ఆ తల్లి ఒళ్ళోంచి వేలమంది లేచి పొలిమేర దాటారు. మగ్గాలు, కుండలు, మేకలు, ముసలివాళ్ళు, బాలింతలు అందరూ. హద్దు అవతల పాకలు వేసుకుని దానికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. తగువులు తీర్చుకోవడానికి వాళ్ళ పంచాయతీ వాళ్ళే పెట్టుకున్నారు. పదకొండు నెలలు! ఎండకి ఎండి, వానకి తడిసి. నాయనమ్మ అప్పుడు చిన్నపిల్ల. "మా అమ్మ పొద్దున్నే పొలిమేర దాకా వచ్చి మా ఇంటి కప్పు ఉందా లేదా అని చూసుకునేదయ్యా. లోపలికి మటుకు అడుగు పెట్టేది కాదు" అంది. ఊళ్ళో ఏముందని అడిగాడొకడు. "ఏముంటయ్యిరా, కుక్కలు, మునిసిపాలిటీ" అంది. మేస్టారు అటు తిరిగి నవ్వుకున్నారు. గోపాలకృష్ణయ్యగారు బరంపురంలో మాట్లాడకూడదన్న చోట మాట్లాడారని పట్టుకుని ఏడాది జైల్లో వేశారు. నాయకుడు లేక, చేతిలో డబ్బులు లేక, చివరికి జనం ఇళ్ళకి తిరిగొచ్చారు. "గెలిచారా, ఓడారా?" అని మా సర్పంచి అడిగాడు. నాయనమ్మ కాసేపు ఆలోచించి "తిరిగొచ్చేసరికి మా చూరులో పిచ్చికలు గూడు పెట్టినయ్యి. వాటిని లేపలేక ఆ మూల వదిలేశాం" అంది. అదేం జవాబో మాకెవరికీ అర్థం కాలేదు. మేస్టారు మళ్ళీ అడగనివ్వలేదు.

మా నాయనమ్మ పేరు ఏ పుస్తకంలోనూ లేదనుకో. అంతెందుకు, రోజూ బళ్ళో చెయ్యి చాచి ప్రతిజ్ఞ చెప్తావు కదా, అది రాసిందెవరో చెప్పు? పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు, మన నల్లగొండ జిల్లా అన్నెపర్తి ఆయన. విశాఖపట్నం ఖజానా ఆఫీసులో అధికారిగా ఉండగా 1962లో తెలుగులో రాశారు. తెన్నేటి విశ్వనాథంగారి చేతిమీదుగా అది విద్యామంత్రి పి.వి.జి. రాజుగారికి చేరింది. 1965 జనవరి 26 నుంచి దేశమంతా చెప్పడం మొదలైంది. పాఠ్యపుస్తకాల్లో ప్రతిజ్ఞ ఉండేది గానీ కింద ఆయన పేరు చాలా ఏళ్ళు లేదు. అది హైస్కూల్లో మాకు మొదటిసారి చెప్పించిన రోజున అందరూ అన్నదమ్ములైతే పెళ్ళెవరిని చేసుకోవాలి సార్ అని వెనక బల్లవాడు అడిగాడు. అట్లా మొహం తిప్పుకోకు, నువ్వూ అడిగే ఉంటావు.

ఎక్కడున్నాం? వేపచెట్టు కింద. సర్పంచి దిగొచ్చాడు. యాభై పిక్కలు మళ్ళీ అయిదయ్యాయి, లెక్కల పుస్తకం నాకిచ్చారు. ఈసారి ఎవరూ వేయించుకు తినకుండా కాపలా కాశాం. ఆ ఏడాది చివర్లో చైనాతో యుద్ధం వచ్చింది. ఆడవాళ్ళు గాజులు తీసి రక్షణ నిధికి ఇస్తున్నారు. గొంగళ్ళకి గంజి పెట్టడానికి చింతపిక్కల పిండి కావాలి కదా, కొనేవాళ్ళుండేవారు. మా ఖజానా మొత్తం అమ్మితే రెండు రూపాయల చిల్లర వచ్చింది. దాంతో రబ్బరు బంతి కొందామని సగంమంది, నిధికి పంపుదామని సగంమంది. పాలడబ్బాలు మళ్ళీ దింపారు. చీటీలు లెక్కపెడితే ఒకే ఒక్క ఓటుతో నిధి గెలిచింది. ఆ ఒక్క ఓటూ పన్ను కట్టనివాడిదేనని బంతి పక్షం వాళ్ళు గోల పెట్టారు. వాడేమో డబ్బాలో వేసింది ఎవరికీ చెప్పనక్కర్లేదని మేస్టారే చెప్పారు పొమ్మన్నాడు.

మనియార్డరు చేశాం. ఆ ఖర్చు మేస్టారు తన జేబులోంచి పెట్టుకున్నారు. రసీదు వచ్చాక దాన్ని దేశపటం మీద, చెదపురుగు తిన్న కన్నానికి అడ్డంగా అంటించాం. బంతి పక్షం వాళ్ళు వేసవి సెలవుల దాకా మాతో మాట్లాడలేదు.