బురైదా తష్లీహ్‌లో మన మేస్త్రీలు

అమెరికాలో ఉండే తెలుగువారికి జంక్‌యార్డు కొత్త కాదు. చదువుకోడానికి వచ్చిన తొలి రోజుల్లో కొన్న పాత కారుకి సైడు అద్దం కోసమో, డైనమో కోసమో ఆ ఇనప గుట్టల మధ్య తిరిగినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. సౌదీ అరేబియాలో అలాంటి చోటుని ‘తష్లీహ్’ అంటారు. అరబ్బీలో ఆ మాటకి బట్టలు విప్పెయ్యడం, వలిచెయ్యడం అని అర్థం. కారు ఒంటి మీద ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా వలిచే చోటు కాబట్టి పేరు సరిగ్గా సరిపోయింది.

నేను 1994 నుంచి ఆరేళ్ళు బురైదాలో ఒక కంపెనీలో లెక్కలు రాసే ఉద్యోగం చేశాను. నా జీతానికి తగ్గట్టు నాకొక ముసలి టొయోటా క్రెసిడా ఉండేది. దాని పుణ్యమా అని శుక్రవారం సాయంత్రాలు తష్లీహ్‌లో గడిచేవి. గల్ఫ్ వలసల గురించి మన పత్రికల్లో చాలా వచ్చింది. ఇంటికి పంపిన డబ్బు గురించి, పెట్టెలో తిరిగొచ్చిన శవాల గురించి చదివాం. అక్కడ మనవాళ్ళు చేతులతో సంపాదించిన విద్య గురించి మాత్రం రాసినవాళ్ళు తక్కువ. ఈ వ్యాసం అందుకే.

ఒంటెల ఊరు, కార్ల ఊరు

బురైదా ఖసీం రాష్ట్రానికి రాజధాని. రియాద్‌కి వాయవ్యంగా దాదాపు 330 కిలోమీటర్ల దూరం. ఖర్జూరాలకీ ఒంటెల సంతకీ పేరు. కార్లు రాకముందు ఈ ప్రాంతపు ‘ఉఖైలాత్’ వర్తకులు బిడారులు కట్టుకుని ఒంటెల్నీ గుర్రాల్నీ ఇరాక్, సిరియా, ఈజిప్టుల దాకా తోలుకెళ్ళి అమ్మేవారు. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో మోటారు లారీలూ కొత్త దేశాల సరిహద్దులూ వచ్చి ఆ వ్యాపారం చితికిపోయింది.

1938లో దమ్మాం ఏడో నంబరు బావిలో చమురు పడింది. 1955లో అబ్దుల్ లతీఫ్ జమీల్ సౌదీలో టొయోటా పంపిణీ హక్కులు తీసుకున్నారు. 1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగాక ఎడారి రోడ్ల నిండా కార్లే. అదే డబ్బు, అదే దశకంలో, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ పల్లెల నుంచి మనవాళ్ళని అటు లాగింది. ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అని తెలంగాణలో అనుకునే మూడు దారుల్లో మూడోది అలా తెరుచుకుంది. కార్లనీ, పాతబడ్డాక వాటిని విప్పే చేతుల్నీ ఆ దేశానికి తెచ్చింది ఒకే చమురు.

చచ్చిన బండిలో బతికున్నదేది?

తష్లీహ్‌లో నాకు పరిచయమైనాయన మెట్‌పల్లి దగ్గర పల్లెవాడు. హైదరాబాదులో ఒక షెడ్డులో పని నేర్చుకుని వచ్చాడు. ఇకామా మీద ఆయన వృత్తి ‘ఆమిల్’, అంటే కూలీ. మేం మాత్రం ‘మేస్త్రీ’ అని పిలిచేవాళ్ళం. మొదటి రోజే నాతో అన్నాడు: “సార్, బండి సచ్చిందంటే అన్నీ సచ్చినట్టు గాదు. ఏది బతికున్నదో సూడాలె.”

ఆ చూడడంలోనే సగం విద్య ఉంది. ముందు గుద్దుకున్న బండి అయితే వెనక ఇరుసు, తలుపులు మంచివి. వెనక గుద్దించుకున్నదయితే ఇంజను, రేడియేటర్ మంచివి. ఇంజనాయిలు మూత తీసి చూస్తే లోపల పాలమీగడలా తెల్లగా ఉందా, నీళ్ళు ఆయిల్లో కలుస్తున్నాయేమోనని అనుమానించాలి. ముందున్న పుల్లీ బోల్టుకి పానా వేసి తిప్పితే ఇంజను కదలాలి. కదలకపోతే బిగుసుకుపోయినట్టే. వరదలో మునిగిన బండిని పట్టుకోవాలంటే సీటుబెల్టు చివరిదాకా లాగాలి. కార్పెట్ కడిగినవాడు కూడా లోపల చుట్టి ఉన్న బెల్టు మీది బురద చార సంగతి మరిచిపోతాడు.

రెండో సగం విప్పడం. పట్టేసిన బోల్టుని ముందు వదులు చెయ్యకూడదు, ఒక వెంట్రుకవాసి బిగించాలి. ఆ కదలికతో మరల మధ్య పట్టు విరుగుతుంది. అప్పుడు వెనక్కి తిప్పితే బోల్టు తెగకుండా వస్తుంది. దానికీ రాకపోతే నట్టుని వేడి చేసి కొవ్వొత్తి ఆనించేవాడు. కరిగిన మైనం మరల్లోకి దిగి నూనెలా పనిచేస్తుంది. పానా పొడవు చాలకపోతే దాని పిడికి ఒక ఇనప గొట్టం తొడిగేవాడు.

పుల్లీ బోల్టు విప్పేటప్పుడు ఇంజను కూడా దాంతోపాటే తిరిగిపోతుంది. దాన్ని ఆపే పనిముట్టు తష్లీహ్‌లో ఎక్కడిది? మేస్త్రీ స్పార్క్‌ప్లగ్గు తీసి, రెండు వాల్వులూ మూసుకుని ఉన్న సమయం చూసి, ఆ రంధ్రంలోంచి మెత్తటి నూలుతాడు లోపలికి దించేవాడు. ఒక కొస బయటే ఉంచేవాడు. పిస్టన్ పైకొచ్చి తాడుని నొక్కి ఆగిపోతుంది. ఇక బోల్టు విప్పడమే.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది ఖుబూస్‌తో చేసిన పని. గేర్‌బాక్స్ షాఫ్టు కొస ఆనుకునే చిన్న బేరింగు ఒకటి ఇంజను వెనక గుంటలో ఉంటుంది. పట్టుకుని లాగడానికి అంచు దొరకదు. మేస్త్రీ తను మధ్యాహ్నం తినగా మిగిలిన ఖుబూస్ నీళ్ళలో తడిపి, ముద్ద చేసి ఆ గుంటలో కూరాడు. సరిగ్గా పట్టే కడ్డీ పెట్టి సుత్తితో కొట్టాడు. ముద్దకి పోయే దారిలేక బేరింగు వెనక్కి చేరి దాన్ని బయటికి తోసింది. గ్రీజుతోనూ ఇది చెయ్యొచ్చు, కాని అది సందుల్లోంచి చిమ్ముతుంది. “మనకు బువ్వ బెట్టేదే, బేరింగుకు సుత బెట్టినం,” అని నవ్వాడు.

విప్పిన బోల్టులు కలిసిపోకుండా అట్టముక్క మీద ఆ భాగం బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చేవాడు. పెద్ద చదువులేని మనిషి గీసిన పటాలవి.

నేనిప్పుడు మిషిగన్‌లో ఉంటున్నాను. ఇక్కడ చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి కార్లు కిందినుంచి తుప్పు తినేస్తాయి. ఖసీం పొడిగాలిలో ఇనుము ఏళ్ళ తరబడి చెడదు. ఎండకి చచ్చేది రబ్బరూ ప్లాస్టిక్కూ. అందుకే “ఇనుము ఈడ కొను, రబ్బరు కొత్తది కొను” అనేవాడు.

మాటలూ అరువే

తష్లీహ్‌లో యెమెనీలు, ఈజిప్టువాళ్ళు, పాకిస్తానీలు, బంగ్లాదేశీలు, మనవాళ్ళు కలిసి పనిచేసేవారు. అందరికీ అర్థమయ్యే భాష విడిభాగాలదే. మన షెడ్లలో ‘సెల్ఫ్’ అనేదాన్ని వాళ్ళు ‘సిల్ఫ్’ అంటారు. మన ‘డైనమో’ వాళ్ళ ‘దీనమో’. టైరుని మాత్రం ‘కఫర్’ అంటారు, ఇంగ్లీషు కవర్ నుంచి వచ్చింది. స్టీరింగుకి ‘దిరిక్సోన్’. అరబ్బీ అక్షరం ముక్క రాని మేస్త్రీ ఈ మాటలతోనే బేరాలు చేసేవాడు.

రాసిన పుస్తకం, రాయని పుస్తకం

ఏ కారు భాగం ఏ కారుకి పడుతుందో చెప్పే పుస్తకం అమెరికాలో 1934లోనే వచ్చింది. మినెసోటాకి చెందిన హాలండర్ సంస్థ వేసింది. ఇప్పటికీ జంక్‌యార్డుల కంప్యూటర్లలో నడుస్తున్నది ఆ పద్ధతే. బురైదాలో ఆ పుస్తకం మేస్త్రీ బుర్రలో ఉండేది. నా క్రెసిడాకి డైనమో కావాలంటే ఆయన నేరుగా ఒక హైలక్స్ దగ్గరికి తీసుకెళ్ళాడు. రెండిటికీ టొయోటా 22ఆర్ ఇంజను వచ్చిన ఏళ్ళున్నాయని నాకప్పుడే తెలిసింది.

ఇలాంటి జ్ఞానానికి విలువ తర్వాత ఇంకా పెరిగింది. 1999 తర్వాత గల్ఫ్‌లో అమ్మిన షెవ్రొలే కాప్రిస్ నిజానికి ఆస్ట్రేలియాలో హోల్డెన్ తయారుచేసిన కారు. 2017 అక్టోబరులో ఆ కర్మాగారం మూతపడింది. తయారీ ఆగిన కారు నడవాలంటే పాత బండ్లే దిక్కు.

కాగితం లేని విద్య

ఈ కథలో తీపి మాత్రమే లేదు. జాకీ మీద నిలబెట్టిన బండి జారి ఒక బంగ్లాదేశీ కుర్రాడి చెయ్యి నలగడం నేను చూశాను. ఆ తర్వాత మేస్త్రీ పాత చక్రాలు దొంతిగా పేర్చి వాటి మీద ఆనిస్తే తప్ప బండి కిందికి దూరేవాడు కాదు. అంతకంటే పెద్ద భయం కాగితానిది. ఇకామా మీద ఒక వృత్తి, చేసే పని వేరొకటి, పని ఇచ్చేది కఫీల్ కాని ఇంకొకడు. 2013లో సౌదీ ప్రభుత్వం ఇలాంటివాళ్ళందరికీ నవంబరు 3 దాకా గడువిచ్చి, కాగితాలు సరిచేసుకోండి లేదా వెళ్ళిపోండి అంది. 2019 జనవరి నుంచి కార్ల విడిభాగాలు అమ్మే దుకాణాల్లో 70 శాతం ఉద్యోగాలు సౌదీలకే ఇవ్వాలన్న నియమం వచ్చింది. తమ పిల్లలకి ఉద్యోగాలు కావాలని ఆ దేశం అనుకోవడం తప్పు కాదు. నష్టపోయింది మాత్రం మేస్త్రీ లాంటివాళ్ళు.

ఆయన 2013లోనే తిరిగి వచ్చేశాడు. ఒక పెద్ద సర్వీసు సెంటర్లో పని అడిగితే సర్టిఫికెట్ చూపించమన్నారట. “ఇరవై ఏండ్ల పని సార్, కాయితం మీద కూలీనే,” అన్నాడు ఫోనులో. అనుభవంతో నేర్చిన పనిని పరీక్షించి ధ్రువపత్రమిచ్చే పథకం మన దేశంలో 2015 తర్వాత వచ్చింది. అప్పటికే ఆయన ఊళ్ళో ట్రాక్టర్లు బాగుచేసే చిన్న షెడ్డు వేసుకున్నాడు.

మన సంఘాలు కవుల్నీ పండితుల్నీ పిలిచి సన్మానిస్తాయి, అది మంచిదే. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన మేనమామో, బాబాయో మీ ఇంట్లో కూడా ఉండే ఉంటారు. ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు ఎంత సంపాదించావని కాక, అక్కడ ఏం పని చేసేవాడివి, ఎలా చేసేవాడివి అని అడిగి రాసుకోండి. నేను నా మేస్త్రీ అట్టముక్క ఒకటైనా దాచుకోలేదు. ఆ బాధతోనే ఇదంతా రాశాను.